గుయ్‌జౌ కొండ ఊళ్ళకు వాలంటీర్‌గా వెళ్ళే మనవాళ్ళకు

చైనాలో చదువుకునే మనకు జూన్ నెలాఖరుకి కాలేజీ వీచాట్ (ఇక్కడి వాట్సాప్‌లాంటిది) గ్రూపులో ఓ మెసేజ్ పడుతుంది. వేసవి సెలవుల్లో పల్లెకు వెళ్ళే జట్టులో విదేశీ విద్యార్థులకు కొన్ని చోట్లున్నాయి, పేర్లివ్వండి అని. సగం మంది అప్పటికే హైదరాబాద్‌కో విజయవాడకో టికెట్ తీసేసుకుని ఉంటారు. మిగిలినవాళ్ళు నాకు ఫోన్ చేస్తారు. "అక్కా, వెళ్ళొచ్చా? తిండి దొరుకుతుందా? బాత్రూములెలా ఉంటాయి?" అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇలా రాసేస్తున్నాను. నేను మెడిసిన్ చదువుతున్నది చైనా నైరుతిలో ఉన్న గుయ్‌జౌ రాజధాని గుయ్‌యాంగ్‌లో. కాబట్టి నాకు బాగా తెలిసింది గుయ్‌జౌ ప్రావిన్స్, అందులోనూ ఆగ్నేయ మూలనున్న రోంగ్‌జియాంగ్, త్సోంగ్‌జియాంగ్, లీపింగ్ కౌంటీల (మన తాలూకాల్లాంటివి) ఊళ్ళు. అక్కడ డోంగ్, మియావ్ జాతుల వాళ్ళు ఎక్కువ. మీరు హుబెయ్‌లోనో షాన్‌డోంగ్‌లోనో ఉంటే తిండి, వాతావరణం గురించి చెప్పినవి వదిలేయండి, మిగతావి పనికొస్తాయి.

ఎవరి ద్వారా వెళ్ళాలి

సొంతంగా మాత్రం వెళ్ళకండి. ఇండియాలో అయితే ఓ శనివారం పక్క ఊరి బడికెళ్ళి హెడ్మాస్టరు గారిని అడిగి పిల్లలకు నాలుగు మాటలు చెప్పి రావచ్చు. ఇక్కడ అది కుదరదు. మన వీసా చదువుకోవడానికి ఇచ్చింది. ముక్కూ మొహం తెలియని విదేశీయుణ్ణి ఏ బడీ లోపలికి రానివ్వదు. రానివ్వకపోవడమే సరైనది కూడా.

దారి ఒకటే, యూనివర్సిటీ జట్టు. ఇక్కడ దీన్ని 'సాన్ షియా షియాంగ్' అంటారు. సంస్కృతి, సైన్సు, ఆరోగ్యం ఈ మూడింటినీ పల్లెకు తీసుకెళ్ళడం అని. 1997 నుంచి దేశమంతటా ప్రతి వేసవీ నడుస్తోంది. యూనివర్సిటీలోని యూత్ లీగ్ (కమ్యూనిస్టు పార్టీ యువజన విభాగం) కమిటీ జట్లు కడుతుంది, ఒక లెక్చరర్ వెంట వస్తారు. కొన్ని కాలేజీలు మనలాంటి వాళ్ళనీ కలుపుకుంటాయి. మెసేజ్ వచ్చేదాకా కూర్చోకుండా మే నెలలోనే మీ విదేశీ విద్యార్థుల ఆఫీసుకెళ్ళి అడగండి. జట్టులో చైనా ఫ్రెండ్ ఒకరున్నా పని తేలికవుతుంది.

కాగితాల సంగతి. ఆఫీసు నుంచి సెలవు అనుమతి స్టాంపుతో సహా తీసుకోండి. ఒరిజినల్ పాస్‌పోర్టు దగ్గరుంచుకోండి, జిరాక్స్ చాలదు. అన్నిటికంటే ముఖ్యమైనది పోలీసు రిజిస్ట్రేషన్. హోటల్లో దిగితే వాళ్ళే చేస్తారు. ఎవరింట్లోనైనా, బడి హాస్టల్లోనైనా దిగితే 24 గంటల్లోపు మీరో, ఆ ఇంటివాళ్ళో దగ్గరి పోలీస్ స్టేషన్లో నమోదు చేయించాలి. 2013 జూలై 1 నుంచి అమల్లో ఉన్న చట్టం ఇది. చైనా విద్యార్థులకు ఈ బాధ లేదు కాబట్టి జట్టు లీడరుకి గుర్తుండదు, "రేపు చూద్దాంలే" అంటాడు. మీరు మాత్రం దిగిన రోజే పట్టుబట్టి వెళ్ళండి. లేకపోతే తర్వాత రెసిడెన్స్ పర్మిట్ పొడిగించుకునేటప్పుడు దీని గురించే అడుగుతారు, అప్పుడు టెన్షన్ పడాలి.

హాంకాంగ్‌లో చదివే తెలుగువాళ్ళకు ఇంకో దారుంది. అక్కడి 'వు జి ఛియావ్' అనే ఫౌండేషన్ విద్యార్థులతో చైనా పల్లెల్లో వాగుల మీద కాలినడక వంతెనలు కట్టిస్తుంది. మొదటిది 2005లో గాన్సు ప్రావిన్స్‌లోని మావోసి ఊళ్ళో కట్టారు, 2007లో ఫౌండేషన్‌గా ఏర్పడింది. ఇంజనీరింగ్, ఆర్కిటెక్చర్ చదివేవాళ్ళయితే నేనైతే దానికే వెళ్ళమంటాను. జట్టు తిరిగెళ్ళాక కూడా ఊరివాళ్ళు దాని మీద నడుస్తారు కదా.

వెళ్ళేముందు ఒక ఫోన్

ఈ పేద్ద వ్యాసంలో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే ఇది గుర్తుపెట్టుకోండి. బయల్దేరడానికి కనీసం మూడు వారాల ముందు ఆ ఊరి బడి టీచరుతో జట్టు తరఫున ఎవరో ఒకరు ఫోన్‌లో మాట్లాడాలి. "మేమేం చేస్తే మీకు పనికొస్తుంది? పోయినేడు వచ్చినవాళ్ళు ఏం చేశారు?" ఈ రెండు ప్రశ్నలూ అడగాలి.

ఎందుకంటే రోడ్డు పక్క ఊళ్ళకు జట్లు రావడం కొత్త కాదు. వచ్చిన ప్రతి జట్టూ ఏ బి సి డి తో మొదలుపెడుతుంది. చైనాలో మూడో తరగతి నుంచే ఇంగ్లీషు ఉంది. ఐదో తరగతి పిల్ల ప్రతి జూలైలోనూ 'యాపిల్' నేర్చుకోవాలంటే ఎంత విసుగో ఆలోచించండి. పాపం, పెద్దలు చూస్తున్నారని గట్టిగానే చెబుతారు.

పేద ఊరు, మనం వెళ్ళి ఉద్ధరించాలి అన్న లెక్కతో వెళ్తే మొదటి రోజే కంగుతింటారు. 2020 నవంబర్లో చైనా తన పేద కౌంటీల జాబితా నుంచి ఆఖరుగా తీసేసిన తొమ్మిదీ గుయ్‌జౌలోవే. రోంగ్‌జియాంగ్, త్సోంగ్‌జియాంగ్ రెండూ వాటిలో ఉన్నాయి. అంటే ఇవి నిజంగానే వెనకబడిన ప్రాంతాలు. కానీ ఇవాళ వెళ్తే ఊరిదాకా సిమెంటు రోడ్డు, ఫోన్‌కి పూర్తి సిగ్నల్, కూరగాయలమ్మే అవ్వ దగ్గర కూడా క్యూఆర్ కోడ్ కనిపిస్తాయి. మా నల్గొండ జిల్లాలో చాలా ఊళ్ళకంటే రోడ్లు నయం. లేనిది మనుషులు. ముప్ఫై, నలభై ఏళ్ళవాళ్ళు దాదాపు కనిపించరు, అంతా దక్షిణ తీరంలోని గ్వాంగ్‌డోంగ్ ఫ్యాక్టరీల్లో ఉంటారు. పిల్లలు నాయనమ్మ, తాతల దగ్గర పెరుగుతారు. పాలమూరు వలస గురించి విన్నవాళ్ళకు ఇది విడమర్చి చెప్పనక్కర్లేదు.

దీనివల్ల ఇంకో చిక్కు. సెలవులివ్వగానే కొంతమంది పిల్లలు అమ్మానాన్నల దగ్గరికి గ్వాంగ్‌డోంగ్ వెళ్ళిపోతారు. పక్క ఊళ్ళ నుంచి చుట్టాల పిల్లలు కొత్తగా వస్తారు. బడి ఇచ్చిన లిస్టుకీ, మీ ముందు కూర్చున్న పిల్లలకీ సంబంధం ఉండదు. కాబట్టి "మొదటి రోజు పాఠం, దాని మీద రెండో రోజు పాఠం" అని ప్లాన్ వేయకండి. ప్రతి రోజు పాఠమూ ఆ రోజుకే ముగిసేలా ఉండాలి. ఆరేళ్ళవాడూ పన్నెండేళ్ళదీ పక్కపక్కనే కూర్చున్నా నడవాలి.

ఏం నేర్పాలి

నా అనుభవంలో బాగా పండింది ముగ్గు. నవ్వకండి. దాదాపు ప్రతి ఊళ్ళోనూ గ్రామ కమిటీ ఆఫీసు ముందు సిమెంటు బాస్కెట్‌బాల్ కోర్టు ఉంటుంది. రంగు సుద్దముక్కల డబ్బాలు రెండు పట్టుకెళ్ళండి. మొదట ఏడు చుక్కలు, నాలుగు వచ్చేదాకా సందు చుక్క పెట్టి పువ్వు వేయించండి. తర్వాత మెలికల ముగ్గు, సుద్ద ఎత్తకుండా అన్ని చుక్కలనూ చుట్టి మొదలుపెట్టిన చోటికే రావాలి. చిన్నవాళ్ళకు అది ఆట, పెద్దవాళ్ళకు సౌష్ఠవం మీద లెక్కల పాఠం. డోంగ్ ఆడవాళ్ళు ఎంబ్రాయిడరీలో ఆరితేరినవాళ్ళు. మనవరాలిని అన్నానికి పిలుద్దామని వచ్చిన ఒకావిడ కాసేపు చూసి, సుద్ద అడిగి తీసుకుని, తన మెడపట్టీ మీదున్న డిజైన్‌ని మా చుక్కల్లో వేసేసింది. ఆ పూట టీచరు ఆవిడే. ఇలాంటప్పుడు టైంటేబుల్ పట్టుకుని వేలాడకూడదు.

ఖోఖో, కబడ్డీ కూడా బాగా నడుస్తాయి. సామాన్లు అక్కర్లేదు. కబడ్డీని మాత్రం సిమెంటు మీద ఆడించకండి, మోకాళ్ళు పోతాయి. ఇండియా మ్యాప్, పది రూపాయల నోట్లు కొన్ని దగ్గర పెట్టుకోండి. నోటు మీద అన్ని లిపులున్నాయని చూపించి, అందులో తెలుగు ఏదో కనుక్కోమంటే అరగంట గడిచిపోతుంది. ఒక్కొక్కరి పేరూ తెలుగులో రాసివ్వండి, పుస్తకాల అట్టల మీద అతికించుకుంటారు. దేవుళ్ళు, మతం, రాజకీయం ఈ మూడింటి జోలికీ పోవద్దు. పిల్లలు అడిగినా "మాకు చాలా పండగలున్నాయి" అని దీపావళి దీపాల దగ్గర ఆపేయండి.

భాష గురించి భయపడకండి. క్లాసులో చదువుకున్న చైనీస్ పిల్లలతో మాట్లాడటానికి సరిపోతుంది. ముసలివాళ్ళతోనే కష్టం. చాలామందికి డోంగ్ భాషే వచ్చు, ఫోన్‌లో అనువాదం యాప్ కూడా చేతులెత్తేస్తుంది. పదేళ్ళ పిల్లని పక్కన కూర్చోబెట్టుకుంటే ఆ పిల్లే దుబాసీ. మిమ్మల్ని 'లావ్‌షి' అని, అంటే టీచర్ అని పిలుస్తారు. సాయంత్రమయ్యేసరికి 'జియేజియే', అంటే అక్కా అంటారు.

డాక్టరు వేషం వద్దు

మెడిసిన్ వాళ్ళని జట్టులో ఎందుకు తీసుకుంటారో తెలుసు కదా, తెల్లకోటు వేసుకుని బీపీ చూడటానికి. చూడండి, తప్పులేదు. కానీ మనకు లైసెన్సు లేదు. మందు పేరు ఒక్కటి కూడా మన నోట్లోంచి రాకూడదు. "ఈ బిళ్ళ మానేయండి" అని అస్సలు అనకూడదు. ప్రతి ఊరికీ ఆరోగ్య కేంద్రం, ఊరి డాక్టరు ఉంటారు. 65 దాటిన వాళ్ళకు ఏడాదికోసారి ఉచిత పరీక్షలు, బీపీ, షుగరు ఉన్నవాళ్ళను మధ్యమధ్యలో చూసి రావడం ఆయన బాధ్యతే. ఫైళ్ళన్నీ ఆయన దగ్గరుంటాయి. మీరు చేయాల్సింది ఇది: ఊరి డాక్టరును పక్కన కూర్చోబెట్టుకోండి. వచ్చినవాళ్ళను ఐదు నిమిషాలు కూర్చోనిచ్చి, ఆ తర్వాత బీపీ పట్టీ చుట్టండి, కొండెక్కి వచ్చిన వెంటనే చూస్తే అందరికీ ఎక్కువే ఉంటుంది. పేరు, అంకెలు, తేదీ చైనీస్‌లో చీటీ మీద రాసి ఒకటి వాళ్ళకు, ఒకటి డాక్టరుకు ఇవ్వండి. అంతే.

ఆరోగ్యం మీద ఒక్క క్లాసే తీసుకునే వీలుంటే చేతులు కడగడం కాదు, నీళ్ళ గురించి తీసుకోండి. వేసవిలో ఇక్కడి బడులు అన్నిటికంటే భయపడేది పిల్లలు ఏటిలో మునిగిపోవడం గురించే. గోడల మీద ఆరు 'వద్దు'ల బోర్డులు ఉంటాయి, పిల్లలు అప్పజెబుతారు కూడా. అప్పజెప్పడం వేరు. ఒకడు మునుగుతుంటే పక్కవాడు దూకకూడదు, వెదురు గడో తాడో అందించాలి, పెద్దవాళ్ళను కేకేయాలి. ఇది కోర్టు మీద సుద్దతో ఏరు గీసి, నిజంగా వెదురు గడ పట్టించి, కేకలు వేయించి ఆడించండి. గొంతు చించుకుని అరవడం పిల్లలకు భలే ఇష్టం. ఇంత చెప్పాక మీరు వాళ్ళను వెంటేసుకుని ఏటికి వెళ్ళకూడదు, కాళ్ళు తడుపుకోవడానికైనా సరే.

ఇల్లు, తిండి

డోంగ్ ఊళ్ళల్లో ఇళ్ళు కర్రవి. ఒకదానికొకటి ఆనుకుని కొండవాలు పొడవునా ఉంటాయి. నిప్పంటే వాళ్ళకు ప్రాణభయం. కొన్ని ఊళ్ళల్లో రాత్రిపూట ఒకాయన జేగంట కొడుతూ "నిప్పు జాగ్రత్త, పొయ్యి జాగ్రత్త" అని వీధులన్నీ తిరుగుతాడు. కాబట్టి దోమల కాయిల్ గదిలో వెలిగించి బయటికి వెళ్ళొద్దు, ఆలౌట్‌లాంటిది ప్లగ్గుకి పెట్టుకోండి. హీటర్ రాడ్డు సంచిలో కూడా పెట్టుకోవద్దు. ఒకే ప్లగ్గుకి పదిమంది ఫోన్లూ తగిలించే జట్లుంటాయి, మీరు పవర్ బ్యాంకు తెచ్చుకోండి.

బాత్రూముల గురించి మనకు కొత్తగా చెప్పేదేం లేదు, కింద కూర్చునేవే. మగ్గు ఉండదు. ఒక ప్లాస్టిక్ మగ్గు సంచికి వేలాడదీసుకెళ్ళండి, జట్టంతా నవ్వుతుంది, నవ్వనివ్వండి. అమ్మాయిలూ, ప్యాడ్లు సరిపడా తీసుకెళ్ళండి. ఊరి కొట్లో ఉంటాయి కానీ మనకు అలవాటైనవి ఉండవు. పారేయడానికి నల్ల కవర్లు కూడా పెట్టుకోండి. కొండదారి మలుపులకు వాంతులయ్యేవాళ్ళు వ్యాను ఎక్కడానికి అరగంట ముందే మాత్ర వేసుకోండి. గుయ్‌యాంగ్ నుంచి హైస్పీడ్ రైల్లో త్సోంగ్‌జియాంగ్‌కు రెండు గంటల లోపే వెళ్ళిపోతాం, అసలు ప్రయాణం స్టేషన్ దిగాకే మొదలవుతుంది.

తిండి విషయంలో మనవాళ్ళు గుయ్‌జౌకి వస్తే అదృష్టవంతులు. కారం తింటారు, పులుపు తింటారు. పులుసులో ఉడికించిన చేప, పక్కన ఎండుమిరప కారం కలిపిన 'జాన్‌షుయ్' చిన్న గిన్నెలో. జిగట బియ్యం అన్నాన్ని చేత్తోనే ముద్ద చేసుకుని తింటారు, చైనా మొత్తంలో నాకు చేత్తో తినే స్వేచ్ఛ దొరికింది ఇక్కడే. ఉదయం 'యౌఛా' ఇస్తారు, తేయాకు నూనెలో వేయించి కాచిన టీలో మరమరాలు, వేరుశనగలు వేస్తారు. ఉప్పగా ఉంటుంది. టీ అని చక్కెర అడిగితే వింతగా చూస్తారు. 'జేఅర్‌గన్' అనే వేరు ఒకటుంది, పచ్చి చేప వాసన. అలవాటైతే వదలరంటారు, నాకింకా అవ్వలేదు. నేను తీసుకెళ్ళిన ఆవకాయ మాత్రం మేం దిగిన ఇంటి పెద్దాయనే అడుగంటా ఖాళీ చేశాడు.

గొడ్డు మాంసం తిననివాళ్ళు, శాకాహారులు ఫోన్ చేసే రోజే చెప్పించండి. వడ్డించాక చెబితే వండినావిడ నొచ్చుకుంటుంది. పూర్తి శాకాహారులకు నిజంగా కష్టమే, ఆకుకూర కూడా పంది కొవ్వులో వేయిస్తారు. "నూనెతో చేయండి" అని విడిగా అడగాలి. పొడులు రెండు పొట్లాలు కట్టుకెళ్ళండి.

సారాయి సంగతి. పండగనాడు ఊరి మొగలోనే పాట పాడుతూ బియ్యం సారా నోటికందిస్తారు. మియావ్ ఊళ్ళల్లో కొమ్ముబూరలాంటి దాంట్లో పోసిస్తే చెయ్యి మాత్రం తగిలించకండి, పట్టుకుంటే మొత్తం తాగాలన్నట్టు. చేతులు వెనక్కి కట్టుకుని పెదవి తడిపి నవ్వితే చాలు. అస్సలు తాగనివాళ్ళు "మందులు వాడుతున్నాను" అనండి, ఎవరూ బలవంతం చేయరు.

పొలం గట్లమీద ఫోటోలకని గంతులేయొద్దు. మెట్ల మళ్ళలో వరితోపాటు చేపలు, బాతులు పెంచుతారు. త్సోంగ్‌జియాంగ్‌లోని ఈ పద్ధతిని 2011లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. గట్టు తెగిందంటే నీళ్ళతోపాటు ఆ ఇంటి చేపలూ కింది మడిలోకి పోతాయి.

జూన్, జూలైల్లో వానలు గట్టిగా పడతాయి. 2025 జూన్‌లో రోంగ్‌జియాంగ్ పట్నం వరదలో మునిగింది. అంతటా పేరొచ్చిన 'గ్రామ సూపర్ లీగ్' ఫుట్‌బాల్ మైదానం కూడా నీళ్ళపాలైంది. లెక్చరర్ "ఇవాళ బయటికి వద్దు" అంటే వాదించకండి. కొండచరియలు విరిగి రోడ్డు మూసుకుపోతే ఒకట్రెండు రోజులు అటూఇటూ అవుతుంది, విమానం టికెట్టు దగ్గర తేదీకి పెట్టుకోవద్దు. వీపీఎన్ పనిచేయకపోతే వాట్సాప్ రాదు, ఇంట్లోవాళ్ళకు ముందే చెప్పండి. మా అమ్మ చేత వీచాట్ పెట్టించాను.

పిల్లలతో

అమ్మానాన్నా దగ్గర లేని పిల్లలు రెండో రోజుకే చెయ్యి పట్టుకుని తిరుగుతారు. మనకు ముద్దొస్తారు, ఏదో ఒకటి చేయాలనిపిస్తుంది. "వచ్చే ఏడు మళ్ళీ వస్తాను" అన్న మాట మాత్రం అనకండి. ఎందుకంటే రారు. పరీక్షలుంటాయి, ఇంటర్న్‌షిప్ వస్తుంది. పోయినేడు వచ్చిన అక్క ఇదే అన్నదని వాళ్ళకు పేరుతో సహా గుర్తుంటుంది. వెళ్ళే తేదీ మొదటి రోజే బోర్డు మీద రాయండి. విడిగా ఒక్కరికే బహుమతులు, డబ్బులు ఇవ్వొద్దు. "అమ్మ ఎక్కడుంది, గుర్తొస్తుందా" అని అడగొద్దు. వాళ్ళంతట వాళ్ళు చెబితే వినండి. చివరిరోజు ఏడిపించే కార్యక్రమాలు పెట్టే జట్లున్నాయి, కొవ్వొత్తులు, విషాదం పాట, కెమెరా. ఆ టైములో నేను గిన్నెలు కడగడానికి వెళ్ళిపోతాను.

ఫోటోలు తీయండి, కానీ పిల్లల మొహాలు ఇన్‌స్టాలో పెట్టొద్దు. మంచివి ఏరి ప్రింటు తీయించి బడి పేరుతో పార్సిల్ పంపండి. నాయనమ్మల ఫోటోలు పెద్ద సైజులో తీయించండి. ఇంటివాళ్ళకు బయల్దేరే ముందు పళ్ళో టీ ప్యాకెట్టో ఇవ్వండి. గడియారం, చాకు ఇవ్వకండి, మంచిది కాదంటారు.

తిరిగొచ్చాక కాలేజీ వాళ్ళు రిపోర్టు అడుగుతారు, అది రాసిచ్చేయండి. దాంతోపాటు ఇంకో కాగితం కూడా రాయండి. ఏ పాఠం నడిచింది, ఏది నడవలేదు, టీచరు ఏం అడిగారు, ఏ ఇంట్లో ఎవరు ఏ భాష మాట్లాడతారు, పోలీస్ స్టేషన్‌కి ఎంత దూరం. అది వచ్చే ఏడు జట్టు లీడరుకి చేరాలి. నేను వెళ్ళినప్పుడు అలాంటి కాగితం ఒకటి దొరికి ఉంటే మొదటి రెండు రోజులూ కలిసొచ్చేవి.

ఆఖరుగా రైలు. ఆగస్టు చివరి వారంలో విద్యార్థులంతా ఒకేసారి తిరిగొస్తారు, సీట్లు నిమిషాల్లో అయిపోతాయి. రైల్వే వాళ్ళ 12306 యాప్‌లో 15 రోజుల ముందు బుకింగ్ తెరుస్తారు. పాస్‌పోర్టు వెరిఫికేషన్‌కి టైం పడుతుంది కాబట్టి అకౌంటు జూన్‌లోనే తెరిచి పెట్టుకోండి. స్టేషన్లో ఆటోమేటిక్ గేటు మన పాస్‌పోర్టు తీసుకోకపోతే మనిషి కూర్చున్న లైనుకి వెళ్ళండి, అరగంట ముందే.